మధ్యలో కారు దిగిన అమ్మ

మొన్న ఆదివారం మా వాడు కొత్తగా కొన్న కారులో నన్ను గుళ్లకు తిప్పాడు. చూపించాడు అనను, తిప్పాడు అనే అంటాను. పొద్దున్నే కంఠేశ్వర్ గుడి, అటునుంచి సారంగాపూర్ హనుమంతుడు, జానకంపేట నరసింహస్వామి, మధ్యాహ్నానికి కందకుర్తి సంగమం. రెండు చేతులు జోడించి కళ్లు మూసుకుంటే చాలు, "అమ్మా, ఇటు చూడు" అని ఫోను పెట్టేవాడు. దేవుడికి నా మొర వినిపించేలోపు ఫోటో అయిపోయేది, కారు హారను మోగేది.

అదంతా ఓర్చుకున్నాను. తిరుగు ప్రయాణంలో ఎడపల్లి దగ్గరికి వచ్చేసరికి, కాలు విరిగి మంచం పట్టిన నా చిన్ననాటి స్నేహితురాలు గుర్తొచ్చి, ఒక్క పది నిమిషాలు ఆపమన్నాను. వెనక సీటులోంచి మా కోడలు మెల్లగా, "దేవుని దగ్గరికి పోయి వస్తూ ఎవరింటికీ పోవద్దంటరు కదా అత్తమ్మా" అంది. మా వాడు "ఇంకో రోజు పోదాం తియ్యే" అని నవ్వాడు. ఇంతలో మలుపు దాటిపోయింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటి ముందు కారు తలుపు దడాలున వేసి దిగాను. మర్నాడు ఆటో ఎక్కి పోయి స్నేహితురాలిని చూసి వచ్చాను, ఆ సంగతి అక్కడితో సరి. కానీ కోడలు బిత్తరపోయింది పాపం. అంత చిన్న మాటకు ఈ ముసలామెకు అంత కోపమెందుకని దానికేం తెలుసు? ఆ మాట నేను మొదటిసారి విన్నది ఇదే దారిలో, ఇంకో కారులో. అప్పటికి నేను లంగా జాకెట్టు వేసుకునే పిల్లని.

మా ఇల్లు నిజామాబాదు పాత గల్లీలో ఉండేది. ముందు గదిలో బాపు కిరాణా దుకాణం, వెనక మేముండే ఇల్లు. ఇంట్లో పెత్తనమంతా మా మేనత్తది. చిన్న వయసులోనే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసి, తల్లి లేని బాపును తానే పెంచింది. అందుకని బాపుకు ఆమె అక్క కాదు, తల్లి కంటే ఎక్కువ. తాళం చెవులు ఆమె నడుముకే. మాట ఆమెదే. దుకాణంలో గిరాకీలతో పులిలా మాట్లాడే బాపు, అక్క ముందు పిల్లిలా అయిపోయేవాడు.

అమ్మ పుట్టిల్లు బోధన్ దారిలో, నిజాంసాగర్ కాలువ పక్కన ఒక చెరుకు పల్లె. బస్సెక్కితే గంట కూడా పట్టదు. కానీ ఆ గంట దూరం పోవడానికి అమ్మకు ఎన్ని అడ్డాలో! ఆషాఢం, అమావాస్య, దుకాణానికి సరుకొచ్చే రోజు, పిల్లల పరీక్షలు, మేనత్త మోకాళ్ల నొప్పి. ఏ అడ్డమూ లేని రోజు చూసి అడిగితే, "నిన్న అడిగితె పోనిద్దుగద" అనేది మేనత్త.

ఆ ఏడు మా తమ్ముడికి తట్టు వచ్చి చావుబతుకుల్లో పడ్డాడు. మేనత్త తడిబట్టతో తులసికోట ముందు నిలబడి మొక్కుకుంది: పిల్లాడు లేచి తిరిగితే కందకుర్తి సంగమంలో తలనీలాలు తీయిస్తానని. వాడు లేచాడు. అప్పటినుంచి మొక్కు తీరేదాకా వాడి జుట్టుకు కత్తెర తగలనివ్వలేదు. నేను వాడిని దుకాణం వెనక్కి పట్టుకుపోయి, రెండు జడలు వేసి నా రిబ్బన్లు కట్టి, "మా చెల్లె" అని గల్లీ పిల్లలకు చూపించేదాన్ని. వాడు ఏడుస్తూ పోయి చెప్పేవాడు. నా వీపు చిట్లేది.

ఆ చలికాలంలోనే, బెల్లం వేయడానికి దుకాణానికొచ్చిన ఆసామి ఒకడు కబురు తెచ్చాడు. మా అమ్మమ్మకు పక్షవాతం వచ్చి ఒక చెయ్యి, ఒక కాలు పడిపోయాయట. అమ్మ తన తల్లిని అవ్వా అని పిలిచేది. ఆ కబురు విని పొయ్యి మీది అన్నం సంగతి మరిచిపోయింది. అడుగంటిన వాసన దుకాణందాకా వచ్చింది.

"రేపు పొద్దుగాల బస్సుకు పోయొస్త" అంది బాపుతో.

"రేపే ఏంటికి?" అన్నాడు బాపు. "మొక్కుకు కందకుర్తి పోతం గద. కారు మాట్లాడిన. ఆ తొవ్వనే మీ ఊరు. పిల్లలతోని కలిసి మంచిగ సూద్దువు మీ అవ్వను. గింతల ఏం మునిగిపోతది?"

అమ్మ నమ్మింది. వారాలు గడిచాయి. మంచి రోజు కుదరక, కారు దొరకక మొక్కు వెనక్కి పోతూనే ఉంది. అమ్మ రోజూ అదే అడిగేది, బాపు రోజూ "వచ్చే వారం" అనేవాడు. నాకు ఇప్పుడు తలచుకుంటే బాపు మీదే ఎక్కువ కోపం వస్తుంది. అత్త కనీసం వద్దు అని ముఖం మీదే చెప్పేది. ఈయన ఔను అంటూనే ఆపేవాడు.

చివరికి బాపు స్నేహితుడు, రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి నడిపే సేటు, తన అంబాసిడరూ డ్రైవరు చాచానూ ఇచ్చాడు. ఆ కారు డిక్కీలో పసుపు సంచులు మోసీ మోసీ సీట్లకు కూడా పసుపు పట్టింది. ఎక్కి కూర్చోగానే అందరి బట్టలూ, వెంట్రుకలూ పచ్చగా అయ్యాయి. పెట్రోలు వాసన, పసుపు వాసన, మేనత్త తలకు రాసుకున్న ఆముదం వాసన కలిసి, ఊరు దాటకముందే నేను కిటికీలోంచి తల బయట పెట్టి కక్కాను. మేనత్త నిమ్మకాయ నా ముక్కు దగ్గర పెట్టి, "కారు ఎక్కే మొఖమేనా ఇది!" అని తిట్టింది. తిడుతూనే నా వీపు రాసింది.

అందరికోసం పులిహోర, సకినాలు, పెరుగన్నం కట్టారు. ఇవి కాక అమ్మ చీకటితోనే లేచి, అమ్మమ్మ కోసం వేరే చిన్న గిన్నెలో మలీద ముద్దలు చేసింది. వేడి రొట్టె చిదిపి, బెల్లం, నెయ్యి వేసి పిసికితే మలీద. పళ్లు లేని నోటికి మెత్తగా ఉంటుంది. ఆ గిన్నె ఎవరి చేతికీ ఇవ్వకుండా ఒళ్లోనే పెట్టుకుంది.

మొదట అలీసాగర్ తోట. మొక్కుకు పోతూ తోట ఎందుకు అంటే, "కారుల వచ్చి తోట సూడకుంటె ఎట్ల?" అన్నాడు బాపు. పూల మడులూ, చెరువూ, జింకలూ చూపించాడు. నిజాం కాలంలో ఇక్కడికి ఎవరెవరు వచ్చేవారో తానే పిలిచి విందు పెట్టినట్టు చెప్పుకొచ్చాడు. జింకకు సకినం పెట్టబోయి నేనూ తమ్ముడూ తోటమాలి చేత తిట్లు తిన్నాం. అమ్మ మెట్ల మీద కూర్చుని దారి వైపే చూస్తోంది. "ఎండెక్కుతుంది, పోదాం గద" అంది. "పోదాం పోదాం" అని బాపు ఇంకో చుట్టు తిరిగాడు.

తర్వాత జానకంపేట. నరసింహస్వామికి కొబ్బరికాయ కొట్టి, ఎనిమిది మూలల కోనేరు చూశాం. తమ్ముడూ నేనూ మూలలు లెక్కపెడుతూ గట్టు మీద పరుగెత్తాం. వాడికి ఎంతసేపటికీ ఏడే వచ్చేవి, ఒకటి దేవుడు దాచిపెట్టాడని ఏడుపు.

అక్కణ్నుంచి కాస్త దూరం పోగానే అమ్మ ఊరి మలుపు వచ్చింది. కాలువ మీద చిన్న వంతెన, గట్టు వెంట మట్టి బాట, అటు చివర చెరుకు తోటల మధ్య పెంకుటిళ్లు. అమ్మ ముందుకు వంగింది.

"చాచా, జర ఆపుండ్రి."

"ఏంటికి?" అంది మేనత్త.

"మా అవ్వను సూసొస్త వదినె. గిట్ల పోయి గట్ల వస్త."

"మొక్కు తీరకముందే సుట్టాల ఇంటికి పోతరా ఎవలన్న? దేవుని కోసం ఎల్లినంక నడిమిట్ల ఒకలింట్ల కాలు పెడితె, ఆ మొక్కు దేవునికి ముడుతదా? మల్ల పిలగానికి ఏమన్న అయితె నువ్వు జవాబు చెప్తవా?"

పిల్లాడికి ఏమన్నా అయితే అన్న మాటకు ఏ తల్లి ఎదురు చెబుతుంది? అమ్మ బాపు వైపు చూసింది. ముందు సీటులో ఉన్న బాపు వెనక్కి తిరగకుండానే, "వచ్చేటప్పుడు ఆగుదాం తీ" అన్నాడు. కారు కదిలింది.

బోధన్ దగ్గరపడే కొద్దీ గాలి మారింది. అక్కడి చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడే కాలం అది. తియ్యగా, కాస్త పులిసినట్టుగా, ఒకసారి పీల్చితే ఆకలేసేట్టు, ఇంకోసారి పీల్చితే వాంతి వచ్చేట్టు ఉండే వాసన. రోడ్డు పొడుగునా చెరుకు బండ్లు. గడ ఎత్తుగా పేర్చడం వల్ల బండి తోలేవాడు కనబడడు, ఎద్దుల కొమ్ములు మాత్రమే కనబడతాయి. చాచా కావాలనే కారు నెమ్మది చేసేవాడు. నేను కిటికీలోంచి చెయ్యి చాపి గడ పట్టుకుని లాగేదాన్ని. "దొంగముండా!" అని బాపు కేకేశాడు. అన్నవాడే, నేను లాగిన గడను మోకాలికేసి విరిచి సగం తానే నమిలాడు.

కందకుర్తి దగ్గర గోదావరి, మంజీర, హరిద్ర కలుస్తాయి. ఇసుకలో మంగలి కత్తి నూరుకుంటూ కూర్చున్నాడు. తమ్ముణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంది మేనత్తే. వాడి ఏడుపు అవతలి ఒడ్డున ఉన్న మహారాష్ట్రకు వినబడి ఉంటుంది. చాచా వాడిచేత కారు హారను కొట్టిస్తానని మాటిస్తే గాని ఊరుకోలేదు. జుట్టంతా తీశాక మేనత్త వాణ్ని ఎత్తుకుని చల్లని నీళ్లలో మూడు మునకలు వేసింది. పొద్దుటినుంచి మంచినీళ్లు కూడా ముట్టని మనిషి. పైకి లేచి, "తల్లీ, నా పిలగాన్ని నాకు ఇచ్చినవు తల్లీ" అని గట్టిగా ఏడ్చింది. ఆమెకు వాడి మీద ఉన్నది వట్టి పెత్తనం కాదు, ప్రాణం. అది నేను కాదనను. కాదనలేకపోవడమే నా బాధ.

ఇసుకలో కూర్చుని అందరం తిన్నాం. నీళ్లొడ్డున పెరుగన్నం, మామిడికాయ తొక్కు. అంత రుచి నాకు మళ్లీ తగల్లేదు. అమ్మ ఒక్క మెతుకు ముట్టలేదు. స్నానం చేసి విడిచిన తన తడి చీర పిండి మూటగట్టి, అందరికంటే ముందు పోయి కారులో కూర్చుంది.

తిరుగు దారిలో బోధన్‌లో హోటల్ ముందు ఆగాం. ఉపవాసం విడిచిన మేనత్తకు చాయి, మాకు మిర్చీలు. తర్వాత బాపు తనకు తెలిసిన వ్యాపారి దుకాణంలో దిగి ముచ్చట పెట్టాడు. చెరుకు ధర, పసుపు ధర, ఎవరి బిడ్డ పెళ్లి, అన్నీ అయ్యాయి. పొద్దు వాలుతోంది. అమ్మ ఎరుపెక్కిన కళ్లతో దుకాణం వైపు చూస్తూ కూర్చుంది.

కారు మళ్లీ కదిలాక అమ్మే అంది. "వంతెన కాడ ఆపుండ్రి చాచా. మొక్కు తీరింది గద."

"ఏం తీరింది?" అని మేనత్త లేచింది. "దేవుని కాడికెల్లి వచ్చుకుంట సీదా ఇంటికే పోవాలె. నడిమిట్ల ఎవలింట్ల అడుగు పెడితె పుణ్యం ఆ ఇంట్లనే దిగిపోతది. గంత ఎరుక లేదా?"

నాకు నోరాగలేదు. "హోటల్ల దిగలేదా అత్తా పుణ్యం? దుకాణంల?"

నెత్తిన మొట్టికాయ పడింది. "హోటలు ఇల్లా? దుకాణం ఇల్లా? పెద్దోళ్ల నోట్ల నోరు పెడుతది!"

చాచా పాపం కారు నెమ్మది చేశాడు. వంతెన వచ్చింది. బాపు మెడ మీది పసుపు దులుపుకున్నాడు. అప్పుడు మా అమ్మ, అంతవరకు ఆ ఇంట్లో గొంతెత్తి మాట్లాడగా నేను వినని మా అమ్మ, చేత్తో ముందు సీటు మీద కొట్టింది.

"ఆపు చాచా!"

కారు ఆగింది.

"పుణ్యం ఆడ దిగుతదంటివి గద వదినె," అంది అమ్మ తలుపు తీస్తూ. "దిగనియ్యి. మంచంల పడ్డది మా అవ్వ. గా పుణ్యమేదో ఆమెకే గావాలె. మీకందరికి కాళ్లున్నయి, చేతులున్నయి."

"ఒసేయ్, పిలగాని మొక్కే అది! ఆని పుణ్యం తీస్కపోయి ఎవలికో పోస్తవా? తల్లివా నువ్వు?"

"నేను ఆమెకు బిడ్డను గాదా?"

బాపు అప్పుడు నోరు విప్పాడు. "దిగితె దిగు. గని మల్ల నేను తీస్కపోను, సూడు" అన్నాడు. అన్నీ ముగిశాక బెదిరించడం ఆయనకు బాగా వచ్చు.

అమ్మ ఒక చేతిలో మలీద గిన్నె, చంకలో తడిబట్టల మూటతో కాలువ గట్టు మీద నడిచిపోయింది. నేనూ దూకబోయాను. మేనత్త నా మణికట్టు పట్టుకుంది. గాజు పగిలి గీరుకుపోయింది. ఎంత గింజుకున్నా వదల్లేదు. "పోనీ చాచా" అన్నాడు బాపు. ఏం కొంప మునిగేది? మేము కూడా దిగి ఒక్క గడియ ఆ ముసలామె మంచం పక్కన నిలబడితే ఏమయ్యేది? అమ్మమ్మను నేను ఆ తర్వాత చూడలేదు. ఉగాదికి ముందే పోయింది.

కొన్ని రోజులకు అమ్మ బస్సెక్కి తనే ఇల్లు చేరింది. మేనత్త గడపలోనే పసుపు నీళ్లు చల్లి లోపలికి రానిచ్చింది. తిట్టలేదు, కొట్టలేదు. అంతకంటే ఘోరమైన పని చేసింది. ఆనాటినుంచి మా ఇంట్లో ఏ చెడు జరిగినా దానికి కారణం దొరికిపోయింది. నాకు చలిజ్వరమొస్తే, "మొక్కు మంచిగ తీరలే గద." దుకాణంలో పప్పుకు పురుగు పడితే, "పుణ్యం నడిమిట్ల దింపి వస్తిమి." తమ్ముడు పదో తరగతి తప్పితే, వాడు చదవలేదని ఒక్కరూ అనలేదు. కాలువ వంతెన కాడ అమ్మ కారు దిగింది కాబట్టి తప్పాడు! వాడు సినిమా హాలు ముందు తిరిగిన సంగతి గల్లీ అంతటికీ తెలుసు.

మొదట్లో అమ్మ నవ్వేది. మేనత్త పడుకున్న మధ్యాహ్నాలు గిన్నెలు తోముతూ నాకు ఆ రోజుల ముచ్చట చెప్పేది. అమ్మమ్మ వంకర పోయిన నోటితో, "నీ నెత్తికి పసుపేందే, మల్ల పెండ్లి చేసుకున్నవా" అని అడిగిందట. ఇద్దరూ నవ్వీ నవ్వీ ఏడ్చారట. మలీద ముద్దలు అమ్మే చిన్నచిన్నగా చేసి నోట్లో పెట్టిందట. తలకు నూనె రాసి దువ్విందట. "మా అవ్వ నా చెయ్యి ఇడిసిపెట్టలే బిడ్డా" అనేది. చెబుతున్నప్పుడు అమ్మ ముఖం వేరుగా ఉండేది. మా ఇంటికి కోడలై వచ్చాక ఆమె తనకోసం తాను చేసుకున్న పని అదొక్కటే.

ఏళ్లు గడిచాయి. మేనత్త పోయింది, బాపు పోయాడు. నాకు పెళ్లయింది, కొడుకు పుట్టాడు. వాడు ఇంకా బడికి పోయే వయసులో ఉండగానే, ఒక మధ్యాహ్నం అన్నం తిని లేచిన మా ఆయన గుండె పట్టుకుని గడపలోనే కూలబడ్డాడు. దవాఖానాకు చేరేసరికే ఏమీ మిగల్లేదు.

కర్మలన్నీ అయ్యాక, చుట్టాలు పలచబడ్డాక, అమ్మ నా పక్కన కూర్చుంది. నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని నిమిరింది. తర్వాత అంది:

"నాతోనే అయింది బిడ్డా."

"ఏంది?"

"ఆనాడు నేను కారు దిగొద్దుండె. మీ అత్త మొత్తుకున్నది. నేను ఇనలే."

నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది. మొగుడు పోయిన ఇల్లని చూడకుండా అరిచాను. "ఏం మాట్లాడుతున్నవే అమ్మా? ఎన్నడో నువ్వు మీ అవ్వను సూస్తానికి పోతె, ఇయ్యాల నా మొగడు సచ్చిండా? మొక్కు ఎవనిది? తమ్మునిది గాదా? ఆడు గుండ్రాయి లెక్క ఉన్నడు గదనే! ఆనికేం కాలే గద!"

అమ్మ తల ఊపింది. "ఆనికి తాకాల్సింది నీకు తాకింది" అంది.

పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. దుఃఖంతో నాకు మతి తప్పిందనుకుని పట్టుకున్నారు. మతి తప్పింది నాకు కాదని ఎవరికి చెప్పను? ఏళ్లకేళ్లు చెవిలో పోసీ పోసీ, చచ్చిపోయిన మనిషి మాట ఇప్పుడు మా అమ్మ నోట్లోంచే వస్తోంది. అత్త బతికున్నన్నాళ్లూ అమ్మ ఆ మాటకు లొంగలేదు. ఆమె పోయాక లొంగిపోయింది.

తర్వాత ఎన్ని రకాలుగా చెప్పి చూశానో! బుజ్జగించాను, కొట్లాడాను. పూజారి దగ్గరికి తీసుకుపోయి చెప్పించాను. ఆయన "తల్లిని చూసుకున్నదే పెద్ద పుణ్యం అమ్మా" అంటే, ఆయన ముందు సరే అని తల ఊపింది, రిక్షా ఎక్కాక "ఆయనకేం ఎరుక" అంది. అమ్మ నా ముఖం చూసినప్పుడల్లా నా బొట్టులేని నుదురే చూసేది, చూసి కళ్లు దించుకునేది. ఆ నేరం తనదేనని పోయేదాకా నమ్మింది.

అంతకంటే నన్ను ఎక్కువ కాల్చింది ఇంకోటి ఉంది. అమ్మ చివరి రోజుల్లో మంచం పట్టింది. నేనే తలకు నూనె రాసి దువ్వుతున్నాను. ఆమె మనసు కాస్త తేలికపడుతుందని, "అమ్మా, మీ అవ్వ ఆనాడు నిన్ను ఏమన్నదే, జర చెప్పు" అన్నాను. ఒకప్పుడు అడగకుండానే చెప్పి, తానే ముందు నవ్వే ముచ్చట.

అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

"నాకు యాదికి లేదు బిడ్డా" అంది.